ఆనిక్ పాత రైల్వే స్టేషన్: కోట కన్నా ఇదే నచ్చింది

ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ నుంచి ఆనిక్ అనే చిన్న ఊరికి వెళ్తున్నాం అంటే ఎవరైనా కోట చూడమనే చెప్తారు, హ్యారీ పాటర్ సినిమాలో చీపురుకట్ట ఎక్కే సీన్ అక్కడే తీశారు కదా. నన్నడిగితే మాత్రం ముందు పాత స్టేషన్‌కి వెళ్లండి. ప్యాసింజర్ రైళ్లు 1968 జనవరిలోనే ఆగిపోయాయి, 1991 నుంచి అందులో బార్టర్ బుక్స్ అని సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపు నడుస్తోంది.

ఊరు చిన్నదే, స్టేషన్ మాత్రం జిల్లా కేంద్రానికి కట్టినట్టుంది. 1887 నాటి బిల్డింగ్, డిజైన్ విలియమ్ బెల్‌ది. మెయిన్ లైన్ కూడా కాదు, ఆల్న్‌మౌత్ దగ్గర చీలి వచ్చే మూడు మైళ్ల బ్రాంచి లైన్, దానికి ఇంత హంగామా ఎందుకూ అంటే పక్కనే నార్తంబర్లాండ్ డ్యూక్ గారి కోట, రాజకుటుంబం వాళ్లు చుట్టపుచూపుగా వస్తే దిగడానికి దర్జాగా ఉండొద్దూ మరి! నష్టాల్లో ఉన్న రైల్వే లైన్లు మూసేయమని 1963లో వచ్చిన బీచింగ్ రిపోర్టులో, మూసేయాల్సిన లైన్ల లిస్టులో దీని పేరే లేదట, అయినా మూసేశారు. తర్వాత ఏ1 బైపాస్ రోడ్డు పాత లైన్‌ని అడ్డంగా కోసేసింది, అందుకే ఇప్పుడు వాలంటీర్లు నడిపే ఆల్న్ వ్యాలీ రైల్వే వాళ్ల బండి ఎక్కాలంటే ఊరి బయట లయన్‌హార్ట్ స్టేషన్‌కి పోవాలి.

లోపల పుస్తకాల ర్యాకుల మీద చిన్న బొమ్మ రైలు తిరుగుతూ ఉంటుంది, పిల్లలు పుస్తకాలు వదిలేసి మెడలు పైకెత్తి దాని వెనకాలే నడుస్తుంటారు, చలికాలం అయితే నిప్పు వేసిన పొయ్యి పక్క కుర్చీ దొరకడం కష్టమే. ఎంట్రీ ఫ్రీ. మన దగ్గరున్న పాత పుస్తకాలు ఇస్తే, వాళ్లకి నచ్చినవాటికి క్రెడిట్ ఇస్తారు, దాంతో వేరేవి కొనుక్కోవచ్చు. కప్పుల మీద, టీషర్టుల మీద కనిపించే ఆ ‘కీప్ కామ్ అండ్ క్యారీ ఆన్’ పోస్టర్ ఉంది చూడండి, 1939లో యుద్ధం కోసం లక్షల్లో అచ్చేసి దాదాపు ఎక్కడా అంటించకుండా వదిలేసింది, 2000లో ఈ షాపు వాళ్లు వేలంలో కొన్న పుస్తకాల పెట్టె అడుగున దొరికింది, అక్కడి నుంచే మళ్లీ ప్రపంచం మీద పడింది.

తిండికి పాత వెయిటింగ్ రూమ్ పక్క స్టేషన్ బఫే ఉంది, టీ బాగుంది, కానీ లంచ్ టైమ్‌కి క్యూ తప్పదు, కారం అలవాటైన నోటికి అంతా చప్పగానే ఉంటుంది. రాత్రి ఉన్న బీఅండ్‌బీ (పొద్దున టిఫిన్ కూడా పెట్టే చిన్న బస) గురించి చెప్పకపోవడమే మంచిది, అటక మీద గది, ఇరుకు మెట్లు, పెద్ద సూట్‌కేస్ నేనే మోసుకెళ్లా. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు న్యూకాజిల్‌లోనే ఉండి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవడం బెటర్. రైలైతే ఆల్న్‌మౌత్‌లో దిగి ఇంకో బస్ పట్టాలి, న్యూకాజిల్ హేమార్కెట్ నుంచి బస్ నేరుగా ఊళ్లోకే వస్తుంది, టైమ్ ఎక్కువ పట్టినా పెద్దవాళ్లకి అదే సుఖం. కోట టికెట్ కాస్త ఎక్కువే, పైగా చలికాలం మూసేస్తారు కాబట్టి కోట కూడా కావాలంటే ఏప్రిల్ తర్వాత ప్లాన్ చేసుకోండి.