సెలూన్ పనికి ఏ డ్రయ్యర్? మూడు రకాల మోటార్లతో ఏళ్ల తరబడి పని చేశాక

పెట్టె మీద 'ప్రొఫెషనల్' అని ఎవరైనా రాసుకోవచ్చు. ఇంట్లో వారానికి ఓ అరగంట తిరిగే డ్రయ్యర్ మీదా ఆ మాట కనిపిస్తుంది, సెలూన్‌లో రోజూ గంటల తరబడి తిరిగే దాని మీదా కనిపిస్తుంది. హెయిర్ స్టయిలిస్టుగా పనిలోకి వచ్చినప్పటి నుంచి మూడు రకాల మోటార్లున్న డ్రయ్యర్లు వాడాను. ఒకటి కాలం చేసింది, రెండు ఇంకా నడుస్తున్నాయి. ఏది కొనమంటారని కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అడిగితే బ్రాండ్ పేరు చెప్పను. లోపల ఏ మోటార్ ఉందో, నాజిల్ (గాలిని సన్నగా ఒకచోటికి పంపే మూతి) పెట్టాక గాలి ఎలా వస్తోందో, పాడైతే విప్పి బాగుచేసేవాళ్లు ఉన్నారో లేదో చూసుకోమంటాను. రంగు, డిస్‌ప్లే, అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు), టూర్మలీన్ (ఒక ఖనిజం పూత) వగైరా అన్నీ ఆ తర్వాతే.

చవక డ్రయ్యర్లలో చిన్న డీసీ మోటార్ (ఒకే దిశలో పారే కరెంటుతో నడిచేది) ఉంటుంది. బరువు తక్కువ, ధరా తక్కువ. దానికి కరెంటు నేరుగా ఇస్తే తట్టుకోదు. అందుకని చాలా మోడళ్లలో హీటర్ తీగలో ఒక ముక్క గుండా పంపించి, వోల్టేజీ తగ్గించి ఇస్తారు. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆ ముక్క వేడెక్కుతూనే ఉంటుంది. మనం కూల్ బటన్ నొక్కి పట్టుకున్నా గోరువెచ్చటి గాలి రావడానికి కారణం ఇదే. నా మొదటి డ్రయ్యర్ ఈ రకమే. సెలూన్ పని దానికి మించిన పని. ముందు గాలి బలం తగ్గింది, తర్వాత కాలిన వాసన మొదలైంది, ఆఖరికి ఒక క్లయింటు జుట్టు సగం తడిగా ఉండగానే ఆగిపోయింది. ఇంట్లో వాడుకునేవాళ్లకు ఈ మోటార్ ఏళ్లు వస్తుంది, దాన్ని తప్పు పట్టను. రోజంతా తిప్పడానికి అది పుట్టలేదంతే.

రెండో రకం ఏసీ మోటార్, అంటే గోడ ప్లగ్గులోని కరెంటుతోనే నేరుగా నడిచేది. సెలూన్ డ్రయ్యర్ అనగానే చెవికి గుర్తొచ్చే ఆ గట్టి హోరు దీనిదే. ఇటలీ నుంచి వచ్చే పార్లక్స్, ఎల్కిమ్ లాంటివి ఈ రకంతోనే స్టయిలిస్టుల్లో పేరు తెచ్చుకున్నాయి. మోటార్ బరువు, దాంతో డ్రయ్యర్ వెనక భాగం బరువు. నా దాంట్లో మోటార్‌కు కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలు) ఉంటాయి. అవి అరిగినప్పుడు వెనక జాలీలోంచి చూస్తే నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తాయి, ఒక రకమైన ఘాటు వాసన వస్తుంది, ఆన్ చేయగానే తడబడుతూ తిరుగుతుంది. ఆ బ్రష్‌లు మార్పిస్తే మళ్లీ కొత్తదానిలా పరుగెడుతుంది. వైరు మార్పించాను, స్విచ్ మార్పించాను, అది నడుస్తూనే ఉంది. ఒక వస్తువు పాడవడం వేరు, దానిలో ఒక భాగం అరగడం వేరు. సెలూన్ వాళ్లకు డబ్బు మిగిలేది ఈ తేడాలోనే.

మూడోది బ్రష్‌లెస్ డిజిటల్ మోటార్. 2016లో డైసన్ కంపెనీ సూపర్‌సోనిక్ డ్రయ్యర్ వచ్చినప్పటి నుంచి ఈ రకం మీద అందరి కళ్లూ పడ్డాయి. 27 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న మోటార్‌ని పిడిలో పెట్టి, నిమిషానికి 1,10,000 చుట్లు తిప్పారు. మామూలుగా 11 ఉండే ఫ్యాన్ రెక్కలను 13 చేసి, మోటార్ చేసే శబ్దాల్లో ఒకదాన్ని మనిషి చెవికి అందనంత పైస్థాయికి నెట్టారు. ఆ తర్వాత ఇదే దారిలో చాలా కంపెనీలవి వచ్చాయి. ఈ రకంలో కార్బన్ బ్రష్‌లు ఉండవు కాబట్టి అరిగేది తక్కువ, మోటార్ చాలాకాలం వస్తుంది. కానీ మోటార్‌ని నడిపేది ఎలక్ట్రానిక్ బోర్డు. అది పోయిందంటే పక్క వీధి మెకానిక్ చేయగలిగింది ఏమీ ఉండదు, కంపెనీకి పంపాలి. వారంటీ అయిపోయాక ఆ ఖర్చు వింటే కొత్తది కొనడమే నయమనిపించవచ్చు. కాబట్టి ఈ రకం కొనేవాళ్లు వారంటీ కాగితంలో 'సెలూన్ వాడకానికి వర్తించదు' అన్న వాక్యం ఉందేమో ముందే వెతకాలి. చాలా వాటిలో ఇంటి వాడకానికో గడువు, వ్యాపార వాడకానికో గడువు ఉంటాయి.

ఇక వాట్లు. దీనంత జనాన్ని తికమక పెట్టే అంకె ఇంకోటి లేదు. వాట్లలో సింహభాగం హీటర్‌కే పోతుంది, గాలి తోసే మోటార్ తీసుకునేది కొంచెమే. 2400 వాట్ల డ్రయ్యర్ 1600 వాట్ల దానికంటే తొందరగా ఆరబెడుతుందని గ్యారంటీ ఏమీ లేదు, వేడి మాత్రం ఎక్కువ చేయగలదు. అమెరికాలో అమ్మే చాలా డ్రయ్యర్ల మీద 1875 అనే అంకె ఎందుకుంటుందో తెలుసా? అక్కడి మామూలు ప్లగ్గుకు 15 ఆంపియర్లు, 125 వోల్టులు హద్దు. రెండూ గుణిస్తే 1875. అంటే ఆ అంకె చెప్పేది గోడలోని ప్లగ్గు గురించి. ఎన్ని వాట్లని కాదు, గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి తోస్తుందని అడగాలి. అది రాయని కంపెనీలే ఎక్కువ. రాసినా నాజిల్ తీసేసి కొలిచిన లెక్క అయి ఉండొచ్చు.

ఈ నాజిల్ దగ్గరే నేను డ్రయ్యర్‌ని తేల్చుకుంటాను. బ్లో డ్రై పనిలో దాదాపు అంతా నాజిల్‌తోనే చేస్తాం. గాలి కుదుళ్ల నుంచి చివర్ల వైపు, బ్రష్ మీద పరుచుకున్న సెక్షన్ (ఒకసారికి తీసుకునే జుట్టు పాయ) వెంబడి పోవాలి. అప్పుడే వెంట్రుక పైపొర పొలుసులు ఒక వైపు పడుకుని మెరుపు వస్తుంది. కొన్ని డ్రయ్యర్లు వట్టిగా పెడితే తుఫాను, నాజిల్ తగిలించగానే ఉక్కిరిబిక్కిరి అయిపోతాయి. గాలి బయటికి పోలేక వెనక్కి తంతుంది, మోటార్ గొంతు మారుతుంది, లోపల వేడి పెరిగిపోయి రక్షణ కోసం పెట్టిన థర్మోస్టాట్ హీటర్‌ని ఆపేస్తుంది. ఒక నిమిషం వేడి గాలి, ఒక నిమిషం చల్లగాలి. బ్రష్ మీద సెక్షన్ పట్టుకుని ఉన్నప్పుడు ఇలా జరిగితే ఎంత చిరాకో చేసినవాళ్లకే తెలుసు.

కొనేముందు ఆన్ చేసి చూడనిస్తే నేను చేసేది ఇది. సన్న నాజిల్ తగిలిస్తాను. ఫుల్ వేడి, ఫుల్ స్పీడ్ పెట్టి ఐదు నిమిషాలు ఆపకుండా నడుపుతాను. అరచేయి జానెడు దూరంలో పెట్టి నాజిల్ వెడల్పంతా మెల్లగా జరుపుతాను. మధ్యలో మంటగా, అంచుల్లో బలహీనంగా ఉంటే అది జుట్టు మీద కూడా అలాగే పనిచేస్తుంది, మధ్యలో మాడ్చి అంచుల్లో తడి వదిలేస్తుంది. ఆ తర్వాత నాజిల్ అంచు ఎంత కాలుతోందో ముట్టుకుని చూస్తాను. నుదుటి దగ్గరి ముంగురులు చేసేటప్పుడు ఆ అంచు క్లయింటు చర్మానికి వేలెడంత దూరంలో ఉంటుంది. నాజిల్ సులువుగా తిరగాలి, కానీ తనంతట తాను ఊడి ఒళ్లో పడకూడదు. అయస్కాంతంతో అతుక్కునే నాజిళ్లు ఈ విషయంలో బాగుంటాయి, ఒక్క చేత్తో మార్చుకోవచ్చు.

వేడి గురించి క్లయింట్లకు ఉన్న భయం సగం నిజం. నీళ్లు ఆవిరవుతున్నంతసేపూ జుట్టు మరీ వేడెక్కదు. పైన తడి అయిపోయిన క్షణం నుంచే ఉష్ణోగ్రత గబగబా పెరుగుతుంది. కాబట్టి అసలు జాగ్రత్త మొదట్లో కాదు, చివరి భాగంలో కావాలి. 2011లో కొరియా పరిశోధకులు జుట్టు కుచ్చులను వేర్వేరు దూరాల నుంచి ఆరబెట్టి చూశారు. 15 సెంటీమీటర్ల దూరంలో జుట్టు దగ్గర 47 డిగ్రీలు, 5 సెంటీమీటర్లకు వస్తే 95 డిగ్రీలు. వేడి పెరిగేకొద్దీ పైపొర దెబ్బతింది. విశేషం ఏమిటంటే, డ్రయ్యర్ లేకుండా వాటంతట అవే ఆరిన కుచ్చుల్లో లోపలి కణాలను కలిపి ఉంచే పొర దెబ్బతిని కనిపించింది. ఎక్కువసేపు నీళ్లలో నానడం వల్ల కావచ్చని వాళ్లు అనుకున్నారు. 15 సెంటీమీటర్ల దూరంలో ఆపకుండా కదిలిస్తూ ఆరబెట్టడమే నయమని తేల్చారు. డ్రయ్యర్ అంటేనే వద్దనే క్లయింట్లకు నేను ఈ సంగతే చెబుతాను. దీన్నిబట్టి కొనేవాళ్లకు తేలేది కూడా ఒకటుంది: 15 సెంటీమీటర్ల దూరం నుంచి పని జరగాలంటే గాలి బలంగా ఉండాలి. గాలి లేని డ్రయ్యర్‌తో మనకు తెలియకుండానే చేయి జుట్టు దగ్గరికి పోతుంది.

కూల్ షాట్ బటన్‌ని చాలామంది అలంకారం అనుకుంటారు. తడిసినప్పుడు జుట్టులోని హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరి చల్లబడేటప్పుడు మళ్లీ కుదురుకుంటాయి. ఆ కుదురుకునే సమయంలో జుట్టు ఏ ఆకారంలో ఉందో అదే నిలుస్తుంది. రౌండ్ బ్రష్ మీద వేడిగా ఉన్న సెక్షన్‌ని వెంటనే లాగేస్తే వంపు జారిపోతుంది. నిజంగా చల్లటి గాలి ఇచ్చే డ్రయ్యర్ ఉంటే బ్రష్ మీదే నిలిపేసి తీయొచ్చు. నా ఏసీ మోటార్ డ్రయ్యర్‌లో కూల్ నొక్కితే వేడి తగ్గడానికి కాస్త టైమ్ పడుతుంది, బ్రష్‌లెస్ దాంట్లో దాదాపు వెంటనే చల్లబడుతుంది. వంకీల పని ఎక్కువగా ఉన్న రోజు నేను రెండోదాన్నే చేతిలోకి తీసుకోవడానికి ఇది ఒక కారణం.

అయాన్ల గురించి ఒక్క మాట. గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజుల్లో జుట్టు చిటపటలాడుతూ పైకి లేస్తుంది కదా, ఆ స్టాటిక్‌ని తగ్గించడం వరకు నిజమే, చేతికి తెలుస్తుంది. నీటి బొట్లను చిన్నవి చేసి జుట్టులోకి పంపిస్తుందనే ప్రచారాన్ని మాత్రం నేను పట్టించుకోను.

బరువు ఇంతకంటే పెద్ద విషయం. పెట్టె మీద రాసే బరువు చాలాసార్లు వైరు కలపనిది. చేతిలో వేలాడేది వైరుతో సహా. పైగా గ్రాముల కంటే ఆ బరువు ఎక్కడుందన్నదే ముఖ్యం. ఏసీ మోటార్ వెనక ఉంటుంది కాబట్టి మణికట్టు ఎప్పుడూ దాన్ని నిలబెట్టే పనిలోనే ఉంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు పిడి వదిలేసి గొట్టం మెడ దగ్గర పట్టుకుంటారు. పిడిలో మోటార్ ఉన్నవాటిలో బరువు అరచేతిలోకి దిగుతుంది, భుజం ఎత్తి నడినెత్తి మీద పనిచేసేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. కానీ ఆ పిడి లావుగా ఉంటుంది, చిన్న చేతులవాళ్లకు చుట్టూ వేళ్లు అందవు. 2024లో డైసన్ ప్రొఫెషనల్స్ కోసం తెచ్చిన వంపు తిరిగిన సూపర్‌సోనిక్ ఆర్ బరువు 325 గ్రాములని చెప్పింది. అంటే కంపెనీలకు కూడా మా భుజాల గోడు వినపడిందన్నమాట. బటన్లు ఎక్కడున్నాయో కూడా చూడండి. మెడ దగ్గర పట్టుకున్నప్పుడు బొటనవేలి కింద స్విచ్ ఉంటే అస్తమానం స్పీడ్ మారిపోతుంది.

చప్పుడును క్లయింటు పది నిమిషాలు భరిస్తుంది, మనం రోజంతా. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలకు మించకూడదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గించాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. పక్కపక్కన నాలుగు కుర్చీల్లో నాలుగు డ్రయ్యర్లు నడుస్తుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. నా ఏసీ డ్రయ్యర్‌కు నేనిచ్చే అతి తక్కువ మార్కులు దీనికే. బ్రష్‌లెస్ ఆన్ చేసి ఉన్నా క్లయింటు "కొంచెం వేడి తగ్గించండి" అంటే వినపడుతుంది. ఏసీ దాంట్లో అయితే అద్దంలో పెదాలు చూసి అర్థం చేసుకోవాలి.

డ్రయ్యర్లు చచ్చేది ఎక్కువగా వెనక జాలీ దగ్గర, వైరు మొదట్లో. జాలీకి వెంట్రుకలు, దూది నూగు, హెయిర్ స్ప్రే జిగురు కలిసి పొరలా పేరుకుంటాయి. గాలి లోపలికి రాకపోతే హీటర్ ఉడుకుతుంది, మోటార్ ఉడుకుతుంది. పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి దులిపితే చాలు. జాలీ చేత్తో తిప్పి తీసేలా ఉన్నదే కొనండి, స్క్రూలు విప్పాలంటే ఎవరూ శుభ్రం చేయరు. వైరు విషయానికొస్తే, పని అయ్యాక దాన్ని పిడి చుట్టూ బిగించి చుట్టే అలవాటు పిడి దగ్గరి తీగలను లోపల తెంపేస్తుంది. వదులుగా చుట్ట చుట్టి పక్కన పెట్టాలి. పొడవు మూడు మీటర్లకు తగ్గితే కుర్చీ చుట్టూ తిరగడం కష్టం, ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టాల్సి వస్తుంది. అక్కడ ఇంకో టెన్షన్. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. అలాంటివి రెండు ఒకే బోర్డుకు తగిలిస్తే ప్లగ్గు కరగడం చూశాను.

ఇప్పుడు నా ట్రాలీలో ఏసీ, బ్రష్‌లెస్ రెండూ ఉన్నాయి. ఒత్తయిన, పొడవాటి జుట్టును సాపుగా తీయడానికి ఏసీనే. దాని గాలిలో ఉండే తోపు నాకు ఇంకా రెండోదాంట్లో దొరకలేదు. పలచటి జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు, డిఫ్యూజర్‌తో (గాలిని వెదజల్లే వెడల్పాటి మూతితో) ఉంగరాల జుట్టుకు బ్రష్‌లెస్. దాంట్లో వేడిని సెన్సర్ అదుపులో ఉంచుతుంది కాబట్టి కాస్త ధీమాగా ఉంటుంది. ఒక్కటే కొనగలిగితే ఏసీ మోటార్‌దే కొనమంటాను, అదీ మధ్యరకం బరువులో, కార్బన్ బ్రష్‌లు, జాలీ, నాజిల్, వైరు విడిగా దొరికే మోడల్. భుజానికో మణికట్టుకో ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లయితే ఈ మాట వినకండి, ఖర్చయినా తేలికదే తీసుకోండి. కొన్న రోజే రెండో నాజిల్ కూడా తీసుకుని పెట్టుకోండి. మోడల్ మారిందంటే పాతదానికి సరిపోయే నాజిల్ దొరకడం గగనమవుతుంది.