పాప కోసం కొన్న ఐదు లీటర్ల ఆక్సిజన్ మెషిన్: కొన్నేళ్లు వాడాక

మెషిన్ మంచిదే, డబ్బు దండగ కాలేదు. కానీ ఇది ఇంట్లో ఉంటే ఆస్పత్రికి వెళ్లే పని తప్పుతుందనుకునేవాళ్లు మాత్రం కొనకండి. ఎందుకో కింద రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనే. పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కండరాలు అదుపులో ఉండని జబ్బు, దాంతోపాటు ఫిట్స్. మింగడం సరిగా రాదు కాబట్టి పాలైనా జావైనా పొట్టకు వేసిన ట్యూబులోంచే. లాలాజలం, కఫం ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంటాయి. వేరే పిల్లలకు మూడు రోజుల్లో పోయే జలుబు మా పాపకు ఒక్క రాత్రిలో న్యుమోనియా అయి కూర్చుంటుంది. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో సిలిండర్ల కోసం జనం పడ్డ పాట్లు చూశాం. ధరలు కాస్త దిగాక ఇది తీసుకున్నాం, 40 వేల పైన పడింది. అది కూడా పాప డాక్టరుగారు ఎప్పుడు పెట్టాలో, ఎంత పెట్టాలో చీటీ రాసిచ్చాకే. ఆక్సిజన్ కూడా మందే, మనిష్టానికి తిప్పే రెగ్యులేటర్ కాదు అని ఆయన మొదటి రోజే చెప్పారు.

ఇది గదిలోని గాలినే లాగి, లోపలున్న జియోలైట్ గుళికలతో నైట్రోజన్‌ను పట్టేసి, 93 శాతం అటూ ఇటూ ఆక్సిజన్‌ను నిమిషానికి ఐదు లీటర్ల దాకా వదులుతుంది. కరెంటు ఉన్నంతసేపూ అయిపోవడమంటూ ఉండదు. చప్పుడు మాత్రం ఉంది. టక్కుమని ఒకటి, బుస్సుమని ఒకటి, రాత్రంతా. పాపకు అలవాటైపోయింది, మాకింకా కాలేదు. వెనక నుంచి వేడి గాలి కొడుతుంది కాబట్టి గోడకు ఆనించి పెట్టకూడదు. ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదు కాబట్టి దేవుడి దీపం, అగరువత్తులు పక్క గదిలోకి మార్చాం. అత్తయ్యకు అది ఇప్పటికీ నచ్చలేదు.

అసలు సంగతి మొన్న వానాకాలంలో తెలిసొచ్చింది. పాపకు అప్పటికి నాలుగేళ్లు నిండాయి. సాయంత్రం దాకా బాగానే ఉంది. రాత్రి పదింటికి ఒళ్లు కాలిపోతోంది, గొంతులో గురగుర, డొక్కలు ఎగరేస్తోంది. ముందు కఫం లాగేసే సక్షన్ మెషిన్ తీశాం. ముక్కు, గొంతు కఫంతో మూసుకుపోయి ఉంటే గొట్టంలోంచి ఎంత ఆక్సిజన్ వదిలినా లోపలికి పోయేది తక్కువే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నీలం రంగు మూతున్న ఎనిమిదో నంబరు గొట్టంతో తీశాం. ఒక్కోసారి 10 సెకన్లు మించకూడదు, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వాలి. ట్యూబులో ఇస్తున్న పాలు ఆపేశాం. రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటర్ 88 చూపించింది. ముక్కు గొట్టం పెట్టి నిమిషానికి 1 లీటరుకు తిప్పితే కాసేపటికి 95కి వచ్చింది.

అత్తయ్య ఊపిరి పీల్చుకుని, "నంబరు బాగానే ఉంది కదమ్మా, ఈ వానలో ఎక్కడికి? తెల్లారాక వెళ్దురుగాని" అన్నారు. మా ఆయన కూడా ఒక్క క్షణం ఆగారు. నేను పాప చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టాను. 58. ఏడాది దాటి ఐదేళ్ల లోపున్న పిల్లలకు 40 చేరితేనే వేగం కింద లెక్క. డొక్కలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. అంటే 95 అన్నది మెషిన్ తెచ్చిన నంబరు. పాప ఊపిరితిత్తులు ఆ పని చెయ్యడం లేదు. ఆక్సిజన్ పెట్టాక నంబరు బాగైనంత మాత్రాన జబ్బు తగ్గినట్టు కాదు, లోపల ముదురుతున్నా కొంతసేపు కనబడదు. డాక్టరుగారి చీటీలో కింద గీత గీసి ఉన్న వాక్యం కూడా అదే: ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చిందంటే బయలుదేరాల్సిందే.

బయలుదేరాం. పాతపట్నం మీదుగా టెక్కలి దగ్గర హైవే ఎక్కి ఇటు ఆంధ్రా వైపు. మెషిన్ ఇంట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే అది కారులో నడవదు. ఈ ముక్క అమ్మేవాడు చెప్పడు. దారికి పనికొచ్చింది బి టైపు సిలిండర్. నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు, నిమిషానికి 1 లీటరు చొప్పున ఒక రోజు వస్తుంది. ముందు సీటుకు నిలబెట్టి బెల్టుతో కట్టాం. ఫిట్ 5 నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే నా చేతి సంచీలో ఉంది. అది ఊపిరిని కూడా నెమ్మది చెయ్యగలదు కాబట్టి కొట్టాల్సి వస్తే ఆక్సిమీటర్ తియ్యకూడదు. ఆ రాత్రి అవసరం పడలేదు. ఆస్పత్రిలో న్యుమోనియా అన్నారు, ఐసీయూ అయింది, ఇంటికొచ్చాం. ఆ రోజుల గురించి ఇక్కడ రాయడం లేదు.

పాప వివరాలన్నీ ఒక్క కాగితం మీద రాసి సిలిండర్ సంచీలోనే ఉంచుతాం: బరువు, మందులు, మోతాదులు, మామూలు రోజున ఆక్సిజన్ ఎంత ఉంటుంది, ఏది పడదు. బరంపురం అయినా, శ్రీకాకుళం అయినా, విశాఖ అయినా ఎమర్జెన్సీలో మొదట అడిగేది బరువే. ఆ టెన్షన్‌లో నాకు నా పేరే గుర్తుండదు.

ఆక్సిమీటర్ గురించి ఒక మాట. పెద్దవాళ్ల క్లిప్పు చిన్న వేలికి వదులుగా ఉండి ఇష్టమొచ్చినట్టు చూపిస్తుంది. కాలి బొటనవేలికి చుట్టే పిల్లల ప్రోబ్ ఉన్నది కొనండి. పాదం చల్లగా ఉంటే రుద్ది వేడి చేసి, కాలు కదలకుండా పట్టుకుని, అంకె నిలబడ్డాకే నమ్మండి.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. మెషిన్ సుమారు 350 వాట్లు తింటుంది. మామూలు ఇంటి ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే మూడు గంటలు దాటడమే గొప్ప, ఫ్యాన్లు కూడా వేసుకుంటే అంతకూ రాదు. ఇన్వర్టర్ కూడా సైన్ వేవ్‌దే, అంటే మామూలు లైను కరెంటులాంటిదే ఇచ్చేది ఉండాలి. కాబట్టి సిలిండర్ లేకుండా ఒక్క మెషిన్ మీద ఆధారపడితే లాభం లేదు. సక్షన్ మెషిన్ అయితే బ్యాటరీ ఉన్నదే తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా.

సర్వీసు విషయంలో మాత్రం ఒళ్లు మండింది. మాది ఒడిశా అడ్రసని విశాఖలో అమ్మినతను భువనేశ్వర్ నంబరిచ్చాడు. వాళ్లేమో బిల్లు ఆంధ్రాది కదా, అక్కడే అడగండన్నారు. పసుపు లైటు వెలిగినప్పుడు, అంటే ఆక్సిజన్ శాతం 82 కిందికి దిగినప్పుడు, చివరికి నేనే మెషిన్‌ను బండిలో వేసుకుని వెళ్లాల్సి వచ్చింది. గుళికలకు తేమ పట్టిందన్నారు. మన వైపు వానాకాలంలో ఇది మామూలేనట. అప్పట్నుంచి పాప బాగున్న రోజుల్లో కూడా వారానికోసారి కాసేపు నడిపిస్తున్నాం. బయటి ఫిల్టరు వారం వారం కడుగుతాం. ఆక్సిజన్‌కు తేమ పట్టించే నీళ్ల సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోస్తాం, రోజూ మారుస్తాం.

గుణుపురం, రాయగడ వైపు వాళ్లు కొనేముందు ఒక పని చెయ్యండి. రిపేరుకు మనిషి మీ ఊరికే వస్తాడని బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు సక్షన్ మెషిన్, తర్వాత పిల్లల ప్రోబ్ ఉన్న ఆక్సిమీటర్, ఆ తర్వాత సిలిండర్. ఈ మెషిన్ నాలుగోది.