చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయినవాళ్లకు ఫుల్ బాడీ ప్యాకేజీ సరిపోతుందా?

హనుమకొండలో అయినా కరీంనగర్‌లో అయినా ల్యాబులు అమ్మే ఫుల్ బాడీ ప్యాకేజీలో సరుకు దాదాపు ఒకటే. పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), లివర్, కిడ్నీ, థైరాయిడ్, సీబీపీ (రక్తకణాల లెక్క). మామూలు మనిషికి మంచి బేరమే. పుట్టుకతో గుండెలో లోపం ఉండి చిన్నప్పుడే ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం ఇది సగం పనే చేస్తుంది, కొందరినైతే తప్పుదారి పట్టిస్తుంది. మా మార్కు ఐదుకు రెండున్నర.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన కొత్తలో ఆపరేషన్ అయిన పిల్లలు ఇప్పుడు ఇరవై దాటినవాళ్లు. హోల్ మూసేశారు, ఇక అయిపోయింది అనుకుని ఫాలోఅప్ మానేసినవాళ్లు తక్కువేం కాదు. షుగర్, పొట్ట, బీపీ వీళ్లకు తోటివాళ్లకన్నా ముందే వచ్చే ముప్పు ఉంది. బరువు పెరగాలని చిన్నప్పుడు కూరికూరి తినిపిస్తాం. ‘ఉరకకు బిడ్డా’ అంటూ ఏళ్లతరబడి కూర్చోబెడతాం. కండ పెరగదు. తిన్న గ్లూకోజును ఎక్కువగా వాడుకునేది కండే కాబట్టి, మనిషి సన్నగా కనిపించినా షుగర్ పెరగొచ్చు. థయాజైడ్ రకం నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయించేవి) కూడా షుగర్‌ను, యూరిక్ యాసిడ్‌ను కొంత పెంచుతాయి.

హోల్ మూసి, గుండె బాగా పనిచేస్తున్నవాళ్లకు ప్యాకేజీలోని షుగర్, లిపిడ్ పరీక్షలు చాలు. దానికి ఇంట్లో టేపు జోడించండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, ఊపిరి వదిలాక కొలవాలి. హద్దులు ఇవి: నడుము మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80, ట్రైగ్లిజరైడ్లు 150, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50కి తగ్గకూడదు, బీపీ 130/85, పరగడుపు షుగర్ 100. ఐదింటిలో మూడు హద్దు తప్పితే అది మెటబాలిక్ సిండ్రోమ్, అంటే షుగర్‌కు, గుండెజబ్బుకు ముప్పు పెరిగిన స్థితి. రిపోర్టు ఈ మాట చెప్పదు, ఒక్కో అంకె పక్కన హెచ్ అనో ఎల్ అనో వేసి వదిలేస్తుంది.

అసలు చిక్కు హెచ్‌బీఏ1సీ దగ్గరుంది. ఎర్రకణం ఎన్నాళ్లు బతుకుతుందన్న దాని మీద ఆధారపడే పరీక్ష ఇది. మెటల్ వాల్వ్ దగ్గర కణాలు చితికిపోతుంటే వాటి ఆయుష్షు తగ్గి, అంకె ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఎక్కువ వస్తుంది. పెదాలు, గోళ్లు ఇంకా నీలంగా ఉండేవాళ్లలో రెండు గందరగోళాలూ కలవొచ్చు. కాబట్టి 5.5 వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే పరీక్ష విడిగా అడగండి. 140 లోపు ఉంటే మంచిదే, 200 అందుకుంటే షుగర్ ఉన్నట్టే. ఫాంటాన్ ఆపరేషన్ అయి ఒకే పంపింగ్ గదితో బతికేవాళ్లలో పరగడుపు షుగర్ బాగానే ఉండి, ఈ రెండు గంటల అంకె మాత్రమే పెరిగి ఉండొచ్చు.

నీలం మిగిలినవాళ్లు సీబీపీని కూడా వేరేలా చదవాలి. హిమోగ్లోబిన్ 14 అంటే ల్యాబు నార్మల్ అని రాస్తుంది, కానీ ఆక్సిజన్ తక్కువున్న ఒంటికి అది చాలకపోవచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష కలిపి చేయించాలి. హిమోగ్లోబిన్ 19, 20 ఉందని భయపడి ఎవరో చెప్పగానే రక్తం తీయించుకోవడం ప్రమాదం. అది కార్డియాలజిస్టు తేల్చాల్సిన విషయం.

బీపీ ఏ చేతికి కొలిచారన్నది రిపోర్టులో ఉండదు. బృహద్ధమని సన్నబడిన చోట సరిచేయించుకున్నవాళ్లకు మామూలుగా కుడి చెయ్యే నమ్మకం. పాత షంట్ (ఊపిరితిత్తులకు రక్తం మళ్లించే దారి) వేసిన వైపు చేతిలో అంకె తక్కువ రావొచ్చు. ఏ వైపు ఏం చేశారో తెలిసేది డిశ్చార్జ్ సమ్మరీలోనే, దాని జిరాక్స్ వెంట ఉంచుకోండి.

విటమిన్లు కలిపి ‘ఎనభై టెస్టులు’ అని పెంచిన ప్యాకేజీకి డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బుతో గ్లూకోజ్ పరీక్ష, ఫెరిటిన్ చేయించుకోవచ్చు. షుగర్, లిపిడ్ లాంటి మామూలు పరీక్షలకు ముందు దగ్గరి పీహెచ్‌సీలో అడగండి, తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఉచితంగా అవుతాయి. గుండె లయ తప్పకుండా ఇచ్చే అమియోడరోన్ మందు వాడేవాళ్లు ఆరు నెలలకోసారి థైరాయిడ్, లివర్ పరీక్షలు తప్పించుకోకూడదు.

ఫాంటాన్ అయినవాళ్లు మాత్రం ఈ ప్యాకేజీని నమ్ముకోనే వద్దు. లివర్‌లో రక్తం నిలిచి మచ్చ కడుతున్నా లివర్ పరీక్షలోని ఎస్‌జీపీటీ అంకె మామూలుగానే ఉండొచ్చు, కడుపు అల్ట్రాసౌండ్ కావాలి. లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌లో అంకె ఎక్కువ వస్తే అందులో కొంత నిలిచిన రక్తం వల్లే కావొచ్చు. కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది, కండ తక్కువ కాబట్టి అది కిడ్నీ లోపాన్ని దాస్తుంది, సిస్టాటిన్ సీ అనే మరో కిడ్నీ పరీక్ష అడగాలి. కొలెస్ట్రాల్ బాగా తక్కువ వచ్చినా సంబరపడొద్దు. రక్తంలోని ప్రోటీన్ అయిన అల్బుమిన్ 3.5 కన్నా తగ్గి, కాళ్లవాపు, విరేచనాలు కూడా ఉంటే పేగుల్లోంచి ప్రోటీన్ పోతున్నదేమో చూడాలి. అప్పుడు రిపోర్టు పట్టుకుని ఆ వారంలోనే కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాలి.