లో వోల్టేజీకి లొంగని ఎస్‌ఎంపీఎస్

డబ్బా మీద బ్రాంజ్, గోల్డ్ అని వేసిన కరెంటు ఆదా ముద్ర చూసి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు లోపల కరెంటు అందించే పెట్టె) కొనేవాళ్లు, ముందు దాని ఒంటి మీద అతికించిన లేబుల్‌లో ‘ఇన్‌పుట్’ వరస చదవండి. 100-240 వోల్ట్‌లు అని ఉందా, 200-240 అని ఉందా? సిటీలో ఉండేవాళ్లకు ఈ రెంటికీ పెద్ద తేడా తెలియదు. నల్లగొండ జిల్లాలో మా చండూరు లాంటి చోట, ఊరి కరెంటు మీదే బోరు మోటార్లు కూడా బతికే చోట, ఆ ఒక్క వరసే అసలు సరుకు.

నాది ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు డిజైన్ చేసే షాపు. 2022 నవంబర్‌లో మునుగోడు ఉప ఎన్నిక అయిపోయాక చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సరుకు దొరికే సీటీసీకి వెళ్లి 450 వాట్ల 80 ప్లస్ (ఆ ముద్రలిచ్చే పరీక్ష పేరు) బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ తెచ్చుకున్నా. పాతది క్యాబినెట్‌తో పాటు వచ్చింది. దాని మీదా 450 అనే ఉండేది, చేత్తో పట్టుకుంటే మాత్రం టిఫిన్ డబ్బా అంత తేలిక. కంపెనీ పేర్లు రాయను, మోడళ్లు ఏటా మారిపోతుంటాయి. నేను కొన్నది కరెంటు ఆదా అవుతుందని. దాని సంగతి తర్వాత చెప్తా, ముందు నన్ను ఫిదా చేసిన సంగతి.

మాఘం వస్తే పత్రికల సీజన్. సరిగ్గా అప్పుడే యాసంగి నాట్లు పూర్తయి బోర్లన్నీ జోరు మీద ఉంటాయి. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద బజారూ ఉంది, వెనకాల బత్తాయి తోటల మోటార్లూ ఉన్నాయి. కరెంటు పోవడం కన్నా పోయి రావడంతోనే పెద్ద తంటా. రాగానే ఆటో స్టార్టర్ల పుణ్యమా అని మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, వోల్టేజీ కింద పడిపోతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ ఉన్నప్పుడు ఆ టైములో సిస్టమ్ దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. మధ్యలో యూపీఎస్ ఉన్నా లాభం లేదు. లో వోల్టేజీ అనగానే అది బ్యాటరీ మీదికి పోయి, కీ కీ అని అరిచి అరిచి, బ్యాటరీ అయిపోగానే చేతులెత్తేసేది.

కొత్తది పెట్టాక మొదటి మాఘంలో యూపీఎస్ బ్యాటరీ పూర్తిగా చచ్చింది. కొత్త బ్యాటరీ వచ్చేదాకా సిస్టమ్‌ను నేరుగా గోడ బోర్డుకే పెట్టా. సాయంత్రం దీపాలు పెట్టే వేళ కరెంటు పోయి వచ్చింది. సిస్టమ్ మళ్లీ ఆన్ చేసి పెద్ద ఫ్లెక్సీ ఫైల్ తెరిచానో లేదో, ట్యూబ్‌లైట్ రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టొచ్చు. పక్క కిరాణంలో ఫ్రిజ్ స్టెబిలైజర్ టక్కున కట్ అయింది. మా జిరాక్స్ మిషన్ ఎర్ర లైటు చూపించి ఆగిపోయింది. ఆ ఫ్లెక్సీ చేయించుకోవడానికి వచ్చిన పెళ్లిపిల్ల మేనమామ నా వెనకే కుర్చీలో కూర్చున్నాడు. “అన్నా, మా పని మళ్ల మొదటికొచ్చిందా ఏంది?” అని లేచి నిలబడ్డాడు. నేను కంట్రోల్ ఎస్ కొట్టి చేతులు తీసేశా, ఇక పోతుందని. పోలేదు. స్క్రీన్ కనీసం రెప్ప కొట్టలేదు.

ఎదురుగా మోటార్ వైండింగ్ చేసే అన్న మీటరు పట్టుకుని వచ్చి ప్లగ్గులో పెడితే నూట ముప్పై చిల్లర చూపించింది. “గీ కరెంటుకు మోటారైతే కాలిపోతది. నీ డబ్బా ఎట్ల నడుస్తుందే?” అన్నాడు. నాకూ అప్పుడే లేబుల్ చదవాలనిపించింది. అదే, 100-240.

కారణం లోపలి యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) సర్క్యూట్. అది లేని పాత రకంలో, వచ్చిన ఏసీని డీసీ చేస్తే దాదాపు 1.4 రెట్లు అవుతుంది. 130 వోల్ట్‌లు వస్తే 180 దాకా. అది లోపలి భాగానికి చాలదు, అందుకే ఆగిపోతుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నది గోడ నుంచి ఎంత వచ్చినా ముందు దాన్ని దాదాపు 380 వోల్ట్‌ల డీసీకి ఎక్కించుకుని, అక్కడి నుంచి పని మొదలుపెడుతుంది. అయితే బ్రాంజ్ అన్నవన్నీ ఇంత కిందికి దిగుతాయని కాదు. మన మార్కెట్లో 200-240 అని రాసి ఉన్న బ్రాంజ్‌లు కూడా దొరుకుతాయి. ధరలో కొంచెం తేడా, డబ్బా మీద అదే ముద్ర.

ఇక కరెంటు ఆదా. మొదట్లో కనిపించిన ప్రతివాడికీ “బిల్లు తగ్గింది” అని చెప్పా. తగ్గిన మాట నిజమే, కానీ ఎంత? నా సిస్టమ్‌లో చిన్న గ్రాఫిక్స్ కార్డు ఒకటి, పని మీద ఉంటే వంద వాట్ల దాకా లాగుతుందనుకుందాం. 70 శాతం సామర్థ్యం ఉన్న నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఆ వందకు గోడ నుంచి 143 వాట్లు తీసుకుంటుంది. 86 శాతం ఉన్నదైతే 116. రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు లెక్క వేస్తే ఏడు యూనిట్లు మిగులుతాయి. కమర్షియల్ మీటరు మీద యూనిట్ పది రూపాయలకు అటూ ఇటూ, అంటే నెలకు డెబ్బై. చాయ్ ఖర్చు. గోల్డ్‌కు అప్పట్లో రెండు వేల పైన ఎక్కువ చెప్పారు. 90 శాతం అనుకున్నా బ్రాంజ్ కంటే నెలకు పదమూడు రూపాయలే మిగులుతాయి, ఆ రెండు వేలు తిరిగి రావాలంటే పన్నెండేళ్లు దాటుతుంది. రాత్రింబవళ్లు వీడియో రెండరింగ్ పెట్టేవాళ్ల లెక్క వేరు.

వాట్లు ఎక్కువ ఉంటే మంచిదని 750 కొనమన్నవాళ్లున్నారు. 80 ప్లస్ మామూలు పరీక్షలు 20, 50, 100 శాతం లోడ్ల దగ్గర చేస్తారు, టైటానియం లాంటి పై ముద్రలకు మాత్రం 10 శాతం దగ్గర కూడా చూస్తారు. నా వంద వాట్లు 450లో 22 శాతం, 750లో 13 శాతమే, అంటే ముద్ర హామీ ఇచ్చిన పరిధి కిందికి పోతుంది. ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల గదిలో. మే నెలలో నల్లగొండ జిల్లా రేకుల షాపులోకి వచ్చి చేయమనండి.

ఆ సాయంత్రం చూసి పొంగిపోయి లో వోల్టేజీ బాధ తీరిందని ఊరంతా చెప్పా గానీ, దానికీ హద్దులున్నాయి. వోల్టేజీ తగ్గినప్పుడు అదే పనికి ఆంపియర్లు ఎక్కువ లాగుతుంది. ప్లగ్గు లూజుగా ఉంటే బోర్డు వేడెక్కుతుంది, మాది ఒక పక్క నల్లబడితే సాకెట్ మార్పించా. న్యూట్రల్ తెగి వోల్టేజీ పైకి దూకితే ఇదేమీ కాపాడదు.

ఇన్వర్టర్‌తో పేచీ మాత్రం ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. షాపులో ఉన్న పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొత్త ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టమ్ ఆఫ్. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, ఇది ఒక్కటే అలిగింది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవాటిలో కొన్నింటికి ఆ తరంగం పడదట. గోడ కరెంటు లాంటి తరంగమే ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు మారాల్సి వచ్చింది, ఎస్‌ఎంపీఎస్ ధరకు రెట్టింపు అక్కడే పోయింది. మారినా ఇంకో మెలిక. ఇన్వర్టర్ వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెడితే కరెంటు పోయినప్పుడు సిస్టమ్ కదలదు, కానీ వోల్టేజీ 180కి అటూ ఇటూ దిగగానే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి పోతుంది. అప్పుడు నా 100-240 ఉండీ ఏం లాభం? మామూలు మోడ్‌లో పెడితే లో వోల్టేజీని అలాగే లోపలికి వదులుతుంది, ఎస్‌ఎంపీఎస్ హాయిగా నడుస్తుంది. కానీ కరెంటు పూర్తిగా పోతే బ్యాటరీకి మారేలోపు సిస్టమ్ పడిపోతుంది. మాఘం నుంచి కోతల దాకా మామూలు మోడ్, గాలివానలు మొదలయ్యాక యూపీఎస్ మోడ్. నేను అలా నెట్టుకొస్తున్నా.

కొనమంటారా అని అడిగితే, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏమేం ఉన్నాయో అడుగుతా. నల్లగొండ టౌన్‌లో మా బావమరిదికి వోల్టేజీ బాధ లేదు, వాడికి 200-240 బ్రాంజ్‌తో హాయిగా గడిచిపోతోంది. వాళ్లింట్లో గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు, నెలకు 200 యూనిట్లు దాటితేనే మొత్తం కట్టాలి. వాడు ఎండాకాలం ఆ గీత దగ్గరే తచ్చాడుతుంటాడు కాబట్టి నేను చాయ్ ఖర్చు అన్న ఏడు యూనిట్లు వాడికి పెద్ద సంగతే. బోర్ల మధ్య షాపు ఉన్నవాళ్లు 100-240 చూసి తీసుకోండి, ఇన్వర్టర్ ఏ రకమో ముందే కనుక్కుని.