ఎక్సెల్ ప్రణాళికలో ఫార్ములా అంకె, చేతి అంకె: నాలుగేళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. నాలుగేళ్లుగా వానాకాలం, యాసంగి ధాన్యం మర పట్టే ప్రణాళికను ఎక్సెల్‌లోనే వేస్తున్నాను. సీఎంఆర్ (ప్రభుత్వం ఇచ్చిన ధాన్యాన్ని మర పట్టి బియ్యంగా తిరిగి అప్పగించే పద్ధతి) కింద క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి కాబట్టి ఆ లెక్కకు ఫార్ములా చాలు. కానీ యాసంగి ఎండలకు గింజ పగిలి నూక ఎక్కువ పడుతుంది గనుక, ఒక్కో లాటుకు నిజంగా ఎంత బియ్యం దిగుతుందన్నది మిల్లు ఆపరేటర్ నాలుగు గింజలు ఒలిచి చూసి చెప్పాల్సిందే.

మొదటి ఏడాది పచ్చి బియ్యానికి మర పట్టే 1,000 క్వింటాళ్ల ధాన్యం లాటుకు ఫార్ములా 670 క్వింటాళ్ల బియ్యం చూపితే, ఆపరేటర్ మాట మీద అదే గడిలో 640 అని కొట్టాను. దాంతో అక్కడి ఫార్ములా చెరిగిపోయింది. తరువాతి సీజన్‌కు అదే షీటు కాపీ చేసి, ఆ వరుసలో 1,200 క్వింటాళ్లు వేసినప్పుడు 804 రావలసిన చోట 640 అలాగే నిలిచి ఉంది. 50 కిలోల సంచులు 328 తక్కువ తెప్పించాము. లారీ వాకిట్లో ఉండగా హమాలీలు పనిలేక కూర్చోవలసి వచ్చింది.

అప్పటి నుంచి మూడు కాలమ్‌లు పెట్టుకున్నాను: బీలో ఫార్ములా, సీలో చేతి అంకె, డీలో తుది అంకె. సీ ఖాళీగా ఉంటే బీని తీసుకొమ్మని డీలో మొదట ‘ఈజ్‌బ్లాంక్’తో రాశాను. అయితే పొరపాటున స్పేస్ పడినా ఎక్సెల్ ఆ గడిని ఖాళీ అనుకోదు; ఆ స్పేసే డీలోకి వస్తుంది, ‘సమ్’ మాత్రం దానిని వదిలేసి ఏ హెచ్చరికా లేకుండా మొత్తాన్ని తగ్గించి చూపుతుంది. సున్నా అయితే బీని తీసుకొమ్మందామా అంటే, మరమ్మతుకు మిల్లు ఆపిన రోజు సున్నాయే నిజమైన అంకె. అందుకే ‘ఈజ్‌నంబర్’కు మారాను: సీలో అంకె ఉంటే, అది సున్నా అయినా సరే, అదే డీలోకి వస్తుంది, లేకుంటే బీ.

బీ, డీ గడులకు తాళం వేసి షీటును ప్రొటెక్ట్ చేశాను. షీటు వెడల్పైన మాట నిజమే కానీ, ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. చేతి అంకె ఎవరు, ఎందుకు వేశారో పక్క గడిలో మనమే రాసుకోవాలి. ఆ ఓపిక లేనివారికి ఇది సగమే ఉపయోగపడుతుంది. కొత్త సీజన్‌కు పాత షీటును దాచి, కాపీలో సీ కాలమ్ మొత్తాన్ని ఖాళీ చేస్తాను. బీలోని ఫార్ములాలు ఒక్కటీ చెదరవు.