మధుమేహులకు ‘నరాల పునరుజ్జీవన’ ప్యాకేజీ: విశాఖవాసులు డబ్బు కట్టే ముందు చదవండి

మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారికి నరాలు బాగుచేస్తామంటూ విశాఖపట్నంలో ఒక ఫిజియోథెరపీ కేంద్రం అమ్ముతున్న ప్యాకేజీలో చేరాలనుకుంటున్న వారిని హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. మా ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఆ కేంద్రం పేరు ఇక్కడ చెప్పడం లేదు.

మా మావయ్యగారికి చాలాకాలంగా మధుమేహం ఉంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లతో మొదలై, నడుస్తుండగా కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియని స్థితికి వచ్చారు. ఇరవై సిట్టింగులకు 24,000 రూపాయలు ముందుగానే కట్టించుకుని, చచ్చుబడిన నరాలు మళ్లీ పనిచేస్తాయని ఆ కేంద్రం వారు మాట ఇచ్చారు. నిజాయితీ గల ఫిజియోథెరపిస్టు ఎవరూ ఇవ్వని హామీ అది.

సిట్టింగు మొదలుపెట్టే ముందు ఆయన పాదాలను ఎవరూ పరీక్షించలేదు. కళ్లు మూయించి, 10 గ్రాముల మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగును అరికాలిపై అక్కడక్కడా వంగేదాకా ఆనించి తగులుతోందా అని అడగడం, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను బొటనవేలిపై ఉంచి అదురు తెలుస్తోందా అని చూడడం కొద్ది నిమిషాల పని. ఆ మాత్రం చేసి ఉంటే ఆయన కాళ్లకు వేడి కాపడం పెట్టేవారే కాదు, ఎందుకంటే స్పర్శ లేని చర్మానికి వేడి పెట్టకూడదన్నది ఈ వృత్తిలో ఉన్న ప్రతివారికీ తెలిసి ఉండవలసిన నిషేధం. ‘వేడి ఎక్కువైతే పిలవండి’ అని చెప్పి సహాయకుడు పక్క గదిలోకి వెళ్లిపోయాడట; వేడే తెలియని మనిషి ఏమని పిలుస్తారు? ఇంటికి వచ్చి మేజోళ్లు తీస్తే మడమ పక్కన రూపాయి బిళ్లంత బొబ్బ చితికి, తడి మేజోడు చర్మానికి అంటుకుని ఉంది. ఆయనకు నొప్పి మాత్రం లేదు. రక్తప్రసరణ తగ్గిన పాదంలో ఇలాంటి పుండు ఇన్‌ఫెక్షన్ సోకి ఎముకదాకా వెళితే వేలో, పాదమో తీసేయవలసి రావచ్చు. మావయ్యగారిది అంతదూరం పోకుండా సర్జన్ పర్యవేక్షణలో నెమ్మదిగా మానింది.

వ్యాయామాలకు పరగడుపున రమ్మనడం మరో నిర్లక్ష్యం. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారు వ్యాయామానికి ముందు షుగర్ చూసుకుని, 90 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తినాలి. 70 కన్నా తగ్గితే వెంటనే ఆపి, సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. ఆయనకు చెమటలు పట్టి చేతులు వణికిన రోజున అక్కడ గ్లూకోమీటర్ కూడా లేదు. పైగా రక్తప్రసరణ కోసం ఆర్‌.కె. బీచ్ ఇసుకలో చెప్పులు లేకుండా నడవమని సలహా ఇచ్చారు. గవ్వ పెంకులు, గాజు ముక్కలు ఉండే ఆ ఇసుకలో స్పర్శ లేని పాదాలతో నడవమనడం ఏ వైద్యమో వారికే తెలియాలి.

ఫిజియోథెరపీ వద్దని నేను అనడం లేదు. నిలకడ, కండరాల బలం పెంచే వ్యాయామాలు పడిపోకుండా కాపాడతాయి. మధుమేహుల్లో ఎక్కువగా కనిపించే, భుజం బిగుసుకుపోయే సమస్యకు కూడా ఫిజియోథెరపీ అవసరమే. అయితే చికిత్స చేసేవారికి బి.పి.టి. (ఫిజియోథెరపీలో బ్యాచిలర్) డిగ్రీ ఉందో లేదో అడగండి, డబ్బు ఏ సిట్టింగుకు ఆ సిట్టింగే చెల్లించండి.

మా రశీదుపై ‘సొమ్ము వాపసు ఇవ్వబడదు’ అనే ముద్ర ఉంది. దానిని చూసి వెనక్కి తగ్గనవసరం లేదు. లోపభూయిష్టమైన సేవను ఆపి, రశీదులో చెప్పిన గడువులో, గడువేదీ లేకుంటే 30 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు ఉండదు.

ఇప్పటికే డబ్బు కట్టి, మిగిలిన సిట్టింగులకు వెళ్లక తప్పనివారు పాదాలకు ఎలాంటి వేడీ పెట్టవద్దని సిట్టింగుల కార్డుపైనే రాసి, అక్కడి ఫిజియోథెరపిస్టు చేత సంతకం చేయించుకుని, దాని ఫోటో తమ దగ్గర ఉంచుకోవాలని కోరుతున్నాను.