జాజ్ యుగం టూరుకి 285 డాలర్లు వదిలాయి, నాన్న మనసు నిండింది మాత్రం కరోనా పేటలో

మా నాన్న కుర్రతనంలో తెనాలిలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన అడిగింది ఒక్కటే, జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన ఊరు చూపించరా అని. అందుకే ఈ అక్టోబరులో (2024) రెండు రోజులు న్యూయార్క్‌లో ఉండేలా ప్లాన్ చేశాను. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో 'హార్లెమ్ జాజ్ యుగం రాత్రి' అని ఒక టూరు కనిపించింది. హార్లెమ్ అంటే న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట, జాజ్ యుగం అంటే వాళ్ల జాజ్ సంగీతం ఊపేసిన 1920లు. తలకు 85 డాలర్లు, బుకింగ్ ఫీజుతో ముగ్గురికీ 285. ప్రత్యక్ష సంగీతం ఉంటుందని రాశారు. తీరా వెళ్తే హార్లెమ్ మొహం కూడా చూపించలేదు. మిడ్‌టౌన్‌లో ఈమధ్యే పెట్టిన ఒక బార్ ముందు నిలబెట్టి, తలుపు దగ్గర పాస్‌వర్డ్ చెప్పమన్నారు, మా ఆవిడ తలకి ఈకల పట్టీ, మెడలో పూసలు వేసి ఫోటోకి 20 డాలర్లు అడిగారు. లోపల బ్యాండు లేదు, స్పీకరు ఉంది. మనిషికి రెండు డ్రింకులు తప్పనిసరి అన్న సంగతి కూర్చున్నాక చెప్పారు. మందు ముట్టని నాన్నకి, మా ఆవిడకి అల్లం సోడా గ్లాసు 14 చొప్పున నాలుగు, నాకు 24 చొప్పున రెండు, పన్ను, టిప్పు కలిపి 134 డాలర్లు. 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా ఈ దేశంలో మద్యం తయారీ, అమ్మకం, రవాణా నిషేధం కాబట్టి ఇలాంటి దొంగ బార్లు పుట్టాయి, అది నిజమే. కానీ ఆ గైడు గంటన్నర సేపు మందు గురించే మాట్లాడాడు, వాయించిన వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. డబ్బు వాపసు అడిగితే ఇంకో టూరు మీద పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. తిరిగి వస్తుంటే నాన్న మోకాళ్లు పట్టుకుని రైల్లో మౌనంగా కూర్చున్నారు. మా ఆవిడ నాతో మాట్లాడలేదు.

హోటలు పర్వాలేదు, కాకపోతే బుక్ చేసినప్పుడు కనపడని 35 డాలర్ల 'డెస్టినేషన్ ఫీజు' బిల్లులో కనపడింది.

మర్నాడు టూరూ లేదు, గైడూ లేదు. తలకు 2.90 డాలర్ల సబ్‌వే టికెట్టుతో 135వ వీధిలో దిగాం. అది హార్లెమ్. స్టేషన్ పక్కనే నల్లవాళ్ల చరిత్రని దాచిన లైబ్రరీ షోంబర్గ్ సెంటర్, ప్రవేశం ఉచితం, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అస్థికలు అక్కడి నేల కిందే ఉన్నాయి. అక్కడి నుంచి లెనాక్స్ అవెన్యూ మీద పైకి నడిస్తే 140, 141 వీధుల మధ్య సవోయ్ బాల్‌రూమ్ ఉండిన చోటు వస్తుంది. భవనం లేదు, అపార్ట్‌మెంట్లున్నాయి, ఒక ఫలకం ఉంది. 1926లో తెరిచిన ఆ హాల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే నేల మీద డాన్సు చేసేవారు, పాట ఆగకుండా రెండు బ్యాండు వేదికలుండేవి. ఇంకాస్త నడిస్తే, అదే వీధిలో 142 దగ్గర కాటన్ క్లబ్ ఉండేది. నడిపింది ఓనీ మ్యాడెన్ అనే గ్యాంగ్‌స్టర్. 1927 డిసెంబరు నుంచి అక్కడ పేరున్న జాజ్ పియానో వాద్యకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండు వాయించేది. వేదిక మీద అందరూ నల్లవాళ్లే, టేబుళ్ల దగ్గర తెల్లవాళ్లకే చోటు.

ఇది చెప్పగానే నాన్న ఆగిపోయారు. "మమ్మల్నీ పందిరి బయటే కూర్చోబెట్టేవారురా. చివరి బంతి లేచాకే మాకు అన్నం" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నాకీ మాట ఎప్పుడూ చెప్పలేదు.

అక్కడి నుంచి టైమ్స్ స్క్వేర్‌లో 7 నంబరు రైలు మారి క్వీన్స్‌లోని కరోనా వెళ్లాం (పేట పేరే అది). 103వ వీధి స్టేషన్లో దిగాలి. కింద 5 డాలర్లకి కారం, నిమ్మరసం చల్లిన మామిడి ముక్కలు అమ్ముతున్నారు, మా ఆవిడ అప్పుడు నవ్వింది.

107వ వీధిలో ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు. 1943 నుంచి 1971లో పోయేదాకా ఆయన ఉన్నది ఇక్కడే. ప్రపంచమంతా తెలిసిన మనిషి మామూలు వీధిలో, మామూలు ఇటుక ఇంట్లో ఉన్నాడు. టికెట్టు ఆ బార్ టూరు ధరలో మూడో వంతు కూడా కాలేదు. వంటగది అల్మారాలన్నీ మెరిసే నీలం, గట్టులోనే బిగించిన మిక్సీ, మా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు. ఆయనకి ఎర్ర చిక్కుడు గింజలూ అన్నం ఎంత ఇష్టమంటే ఉత్తరాల చివర సంతకం కూడా ఆ పేరుతోనే పెట్టేవాడట.

మేడ మీద ఆయన గదిలో టేపు రికార్డర్లున్నాయి. ఇంట్లో మాటలు, వాయింపు అన్నీ తనే రికార్డు చేసుకునేవాడు. గైడమ్మాయి ఒక టేపు వినిపించింది. ఆ బొంగురు గొంతు, తర్వాత ట్రంపెట్. నాన్న వేళ్లు చేతికర్ర మీద క్లారినెట్ మీటలు నొక్కుతున్నట్టు కదిలాయి. గట్టిగా ఊదీ ఊదీ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవి చిట్లిపోయేదని ఆ అమ్మాయి చెప్తే, నాన్న తన కింది పెదవి లోపలి మచ్చ ఆమెకి చూపించారు. ఆమె ఇంకోసారి టేపు పెట్టింది.

వెళ్లేవాళ్లు తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి, వారమంతా ఉండదు. ఇంట్లోకి కొద్దిమందినే పంపుతారు కాబట్టి టికెట్టు ముందే తీయండి. మెట్లున్నాయి, పెద్దవాళ్లుంటే తొందరపెట్టకండి. బార్ టూర్లకి మాత్రం రూపాయి కూడా పెట్టొద్దు.

నాన్న తిరుగు ప్రయాణానికి ఇంకా మూడు వారాలుంది. ఆ ఇంటికి ఇంకోసారి తీసుకెళ్లమని ఆయనే అడిగారు. ఈ ఉదయమే టికెట్లు తీశాను.